"నాన్నకి చెప్పేస్తా" అన్న రాక్షసుడు: చిన్న విలన్ లోపలి భయాన్ని, విధేయతను పట్టుకోవడం ఎలా

పెద్ద విలన్ గురించి రాయడం తేలిక. రచయిత అతని కోసం సీజన్లకు సీజన్లు ఖర్చుపెడతాడు, గతం చెబుతాడు, ఓ సిద్ధాంతం కూడా చెప్పిస్తాడు. మనం ఏరుకుంటే చాలు. తంటా అంతా చిన్న విలన్‌తోనే. నాలుగైదు ఎపిసోడ్లలో కనబడతాడు, చచ్చే ముందు కాసేపు ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది, కథ ముందుకెళ్లిపోతుంది. మనం ఆ ఫ్లాష్‌బ్యాక్ పట్టుకుని "పాపం, చిన్నప్పుడు ఎన్ని కష్టాలు పడ్డాడో" అని రెండు పేరాలు రాసేసి దాన్ని విశ్లేషణ అనుకుంటాం.

నేనూ అలాగే రాశాను. 'డీమన్ స్లేయర్' అనే జపనీస్ యానిమే సిరీస్‌లో రుయి అనే చిన్న విలన్ గురించి మొదటిసారి రాసింది మా పిన్ని కొడుక్కి పంపితే, వాడు చదివి "అన్నా, ఇది వాడి గురించి రాశావా, నువ్వు ఏడ్చావని చెప్పడానికి రాశావా?" అన్నాడు. మళ్లీ చదివితే నిజమే. అందులో రుయి లేడు, నా జాలే ఉంది. అప్పట్నుంచి పద్ధతి మార్చుకున్నాను. దాన్నే ఇక్కడ రుయినే ఉదాహరణగా పెట్టి చెబుతున్నాను. కథ మొత్తం చెప్పేస్తాను కాబట్టి ఇంకా చూడనివాళ్లు చూసొచ్చాక చదవండి.

ముందుగా, సరైన మనిషిని ఎంచుకోండి

ప్రతి చిన్న విలన్‌లోనూ లోతు ఉండదు. కొంతమంది కేవలం హీరో కొత్త దెబ్బ నేర్చుకోవడానికే పుడతారు. వాళ్లలో లేని లోతు తవ్వితే మన చేతులు నొప్పి పుట్టడం తప్ప ఏమీ రాదు. నా లెక్క ఒకటే. ఆ విలన్ తనకు ఏమాత్రం లాభం లేని పని ఏదైనా చేస్తున్నాడా? చేస్తుంటే అక్కడ ఏదో ఉంది.

రుయి విషయం చూడండి. ఈ కథాలోకంలో డీమన్లు, అంటే మనుషుల్ని తినే రాక్షసులు, మామూలుగా కలిసి బతకవు. వాళ్లను తయారుచేసిన ముజాన్‌కి, అందరూ ఏకమై తన మీదికే వస్తారేమోనని అనుమానం. అందుకే ఒకరినొకరు తినేలా తయారుచేశాడని తమాయో అనే డీమనే చెబుతుంది. అలాంటి చోట ఒక కుర్ర డీమన్ నతగుమో కొండ మీద అమ్మ, నాన్న, అన్న, అక్క అని ఒక ఇల్లు కట్టుకున్నాడు. పైగా తన శక్తిని వాళ్లకు పంచిపెట్టాడు. బలం మీదే బతికే జాతిలో ఎవడు చేస్తాడు ఆ పని? ఇదే మన ప్రశ్న.

రెండుసార్లు చూడండి, రెండోసారి విలన్ వైపు నుంచి

2019లో యుఫోటేబుల్ స్టూడియో తీసిన మొదటి సీజన్‌లో 26 ఎపిసోడ్లున్నాయి. రుయి కథ 15 నుంచి 21 వరకు. మొదటిసారి మామూలుగా చూసేయండి, డీమన్లను వేటాడే హీరో తంజిరో కోసం టెన్షన్ పడండి, ఏడుపొస్తే ఏడవండి. ఆ పని అయిపోవాలి. రెండోసారి మాత్రం రుయి, అతని కుటుంబం ఉన్న సీన్లే చూడండి. కత్తియుద్ధాల్ని స్పీడు పెంచి దాటేసినా ఫర్వాలేదు.

రెండోసారి వీలైతే జపనీస్ ఆడియోతో చూడండి. డబ్బింగ్ మీద నాకేమీ చిన్నచూపు లేదు. 2025 సెప్టెంబర్‌లో ఈ సిరీస్ సినిమా తెలుగు డబ్బింగ్‌లోనూ థియేటర్లకు వచ్చినప్పుడు నేనూ తెలుగులోనే చూసి ఎగిరాను. కానీ ఈ పనికి పిలుపులు వినాలి. "కాసాన్" అంటే అమ్మ, "తోసాన్" అంటే నాన్న, "నేసాన్" అంటే అక్క. జపనీస్ రాకపోయినా ఈ మూడు మాటలు చెవికి అందుతాయి. వాటిని రుయి ఏ గొంతుతో పలుకుతాడో గమనించండి. ప్రేమగా పిలిచినట్టు ఉండదు. క్లాసులో టీచర్ అటెండెన్స్ తీసుకుంటున్నట్టు ఉంటుంది.

పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని పేజీని మూడు గళ్లు చేయండి. ఏమన్నాడు, ఏం చేశాడు, ఎవరి ముందు. మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు, కానీ అసలు సరుకు దొరికేది అందులోనే.

అతను ఇతరులకు పెట్టే రూల్స్ రాసుకోండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు, కాబట్టి కాస్త నిదానంగా వెళదాం. మనిషి తన భయాన్ని నోటితో చెప్పడు. కానీ ఇంట్లో రూల్స్ పెట్టే అధికారం ఇచ్చి చూడండి, భయాలన్నీ రూల్స్ రూపంలో బయటికొస్తాయి. దొంగతనం జరిగిన ఇంట్లో తాళాలు ఎక్కువుంటాయి కదా, అలాగన్నమాట.

రుయి తంజిరోతో పోరాడుతూ తన ఇంటి రూల్స్ చెబుతాడు. నాన్నకి నాన్న బాధ్యత ఉంటుంది, అమ్మకి అమ్మ బాధ్యత ఉంటుంది. తల్లిదండ్రులు పిల్లల్ని కాపాడాలి. అన్నలు, అక్కలు తమ్ముళ్లను, చెల్లెళ్లను కాపాడాలి. ఏం జరిగినా సరే, ప్రాణం పెట్టైనా సరే. తన పాత్ర ఏమిటో తెలియనివాళ్లు బతకక్కర్లేదు.

దీన్ని నోటుపుస్తకంలో ఒక పట్టికగా వేసుకోండి. నాన్న పక్కన కాపాడటం. అమ్మ పక్కన కాపాడటం. అన్న, అక్క పక్కన కూడా కాపాడటమే. ఇప్పుడు ఆఖరి వరుసలో "ఇంట్లో అందరికన్నా చిన్నవాడు" అని రాయండి. పక్కన ఏం రాస్తారు? ఏమీ లేదు, ఖాళీ. ఆ జాబితాలో చిన్నవాడికి ఒక్క బాధ్యత కూడా లేదు. ఆ ఖాళీ గడిలో రుయి వెళ్లి కూర్చున్నాడు. ఈ ఇల్లంతా కట్టింది ఆ గడి కోసమే.

నాకు ఇది మూడోసారి చూసినప్పుడు గానీ తట్టలేదు. ఫ్లాష్‌బ్యాక్ అవసరమే లేకుండా మన చేతికి దొరికే విషయం ఇది. ఎవరైనా తనను కాపాడాలి, తన కోసం చచ్చేంతగా కాపాడాలి, తను మాత్రం ఏమీ చేయక్కర్లేదు. ఇది పసిపిల్లల కోరిక. అయితే కొండ మీద అందరికన్నా బలవంతుడు కూడా అతనే. బలవంతుణ్ని ఎవరు కాపాడతారు? ఎలా కాపాడతారు? కోరికకి, పరిస్థితికి మధ్య ఇలాంటి ముడి ఎక్కడ కనబడితే అక్కడ కింద గీత గీసుకోండి.

కథాకాలం కూడా ఒకసారి చూసుకోవాలి. ఇది జపాన్‌లో తైషో కాలం, అంటే 1912 నుంచి 1926 వరకు. అప్పటికి అమల్లో ఉన్న 1898 నాటి సివిల్ కోడ్ ప్రకారం ఇంటి పెద్దకి మిగతావాళ్ల మీద చట్టపరంగానే అధికారం ఉండేది. ఆ ఏర్పాటు 1947లో గానీ పోలేదు. కాబట్టి "నాన్న అంటే ఇది, అమ్మ అంటే ఇది" అనే మాట అప్పటి మనిషికి వింతగా ఉండదు. వింత ఎక్కడంటే, ఇక్కడ పెత్తనం చేసేది ఇంట్లో ఆఖరివాడు. కొడుకు పాత్ర వేసుకుని ఇంటి పెద్ద పని చేస్తున్నాడు.

"నాన్నకి చెప్పేస్తా": ఒక్క సీను దగ్గరగా

ఇప్పుడు ఆ రూల్స్ కింద బతికేవాళ్ల దగ్గరికి వెళ్లండి. విలన్ గురించి విలన్ కన్నా అతని కింద పనిచేసేవాళ్లు ఎక్కువ నిజం చెబుతారు.

ఈ కుటుంబమంతా సాలీడు డీమన్లే. అమ్మ సాలీడు ఒక బండ మీద కూర్చుని, దారాలతో మనుషుల్ని తోలుబొమ్మల్లా ఆడిస్తూ ఉంటుంది. పని తొందరగా తెమలడం లేదు. అప్పుడు రుయి వస్తాడు. గొంతు పెంచడు. అమ్మా, గెలుస్తావు కదా, ఆలస్యమవుతోందేమో కదా అని అడుగుతాడు. తొందరగా కానివ్వకపోతే నాన్నకి చెప్పేస్తా అంటాడు. అంతే, వెళ్లిపోతాడు. ఆమె వణికిపోతుంది. నాన్నకి మాత్రం చెప్పొద్దని బతిమాలుతుంది, చేతులు పిచ్చిగా కదలడం మొదలుపెడతాయి.

ఈ సీను దగ్గర పాజ్ కొట్టి ఆలోచించండి. "నాన్నకి చెప్పేస్తా." మనందరం అన్న మాటే. అన్న పలక పగలగొడితే అన్నాం, అక్క రిమోట్ ఇవ్వకపోతే అన్నాం. చిన్నపిల్లల చేతిలో ఉండే ఒకే ఒక్క ఆయుధం అది. రుయి దగ్గర ఎవరినైనా క్షణంలో ముక్కలు చేసే దారాలున్నాయి. అయినా అతను వాడింది ఈ మాటని. ఎందుకంటే దారంతో బెదిరిస్తే అతను యజమాని అవుతాడు. నాన్న పేరుతో బెదిరిస్తే కొడుకుగానే ఉంటాడు. తన పాత్ర దాటి బయటికి రాకూడదని అతనికీ ఒక రూల్ ఉందన్నమాట.

ఆ అమ్మ గురించి ఇంకో సంగతి. ఆమె అసలు రూపం చిన్నపిల్లది. రుయి చెప్పినట్టు ముఖం, ఒళ్లు మార్చుకుని అమ్మ వేషం వేసింది. ఆ రూపం జారిందంటే దెబ్బలు. తంజిరో కత్తి ఎత్తినప్పుడు ఆమె తప్పించుకోదు, మెడ చాపుతుంది. అది చూసి తంజిరో దెబ్బ మార్చేసి నొప్పి తెలియనివ్వని నీటి విద్యతో నరుకుతాడు. వానలో తడిసినట్టు ఉందనుకుంటూ ఆమె పోతుంది. పోతూ పోతూ, ఈ కొండ మీద పన్నెండుమంది కిజుకీల్లో (ముజాన్ దగ్గరున్న అతి బలమైన డీమన్లు) ఒకరున్నారు, జాగ్రత్త అని తన్ను చంపినవాడినే హెచ్చరిస్తుంది.

మూడు గళ్ల పేజీలో దీన్ని ఎలా రాయాలి? ఇన్నేళ్ల కొడుకు మీద ఆమెకి వీసమెత్తు విధేయత లేదు. ఒక్క నిమిషం దయ చూపించిన శత్రువు మీద ఉంది. రుయి ఇంట్లో ఏది లేదో ఆమె చావు చెప్పింది.

ఇక నాన్న సాలీడు నోట ఒకటే మాట, నా కుటుంబం జోలికి రావద్దని. విన్నప్పుడు కోపంగా వినిపిస్తుంది. రుయి మాట వినని వాళ్ల బుద్ధిని కూడా తీసేస్తాడని, డీమన్లకి చావులాంటి ఎండలో వేలాడదీస్తాడని తర్వాత తెలిశాక అదే మాట వేరేగా వినిపిస్తుంది. ఆ మాట అతనిదేనా, ఎక్కించిన రికార్డింగా? నాకైతే రెండోదే అనిపిస్తుంది, కానీ ఇది నా ఊహ అని మీరు రాసేటప్పుడు చెప్పండి. చూసింది ఏదో, ఊహించింది ఏదో కలిపేస్తే చదివేవాడు రెండూ నమ్మడు.

చేతిలో ఏముందో చూడండి

చిన్న విలన్‌కి మాట్లాడే టైమ్ తక్కువ. అందుకే బొమ్మలు గీసేవాళ్లు సగం కథ అతని చేతిలో పెడతారు. రుయి చేతిలో దారం ఉంటుంది, పిల్లలు వేళ్లకు చుట్టుకుని ఆడుకునే దారం ఆటలా. కట్టుబట్ట మీద సాలెగూడు. రుయి అని జపనీస్‌లో రాసే అక్షరం కింది సగం కూడా దారం అని అర్థమిచ్చే గుర్తే.

ఇంకా ఉంది. అతను జపించే మాట కిజునా, అంటే బంధం. ఆ మాటకు జపనీస్‌లో పాత అర్థం, గుర్రాన్నో కుక్కనో కట్టేసే తాడు. మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బంధువు, అనుబంధం, బంధించడం, బంధనం అన్నీ మన దగ్గర ఒకే మూలం నుంచి వచ్చాయి. ప్రేమకీ కట్టివేతకీ ఒకే మాట ఉన్న భాషలో పెరిగినవాళ్లకి రుయి పొరపాటు చప్పున అర్థమవుతుంది. అతను ఆ మాటలోంచి తాడు ఒక్కటే తీసుకున్నాడు.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక. ప్రతి వస్తువులోనూ అర్థం వెతికే జబ్బు మనకు తొందరగా పట్టుకుంటుంది. రుయి తన తలని తానే దారాలతో కోసుకునే చోటు చూడండి. తంజిరో కత్తి తగలకముందే కోసేసుకుంటాడు. "చూశారా, బంధాన్ని తెంచుకునేది ఎప్పుడూ తనే" అని రాసేయాలని చెయ్యి దురదపెడుతుంది. ముందు మామూలు కారణం రాయండి. ఆ ప్రత్యేకమైన కత్తితో తల తెగితే డీమన్ చస్తుంది, తన దారంతో తెగితే చావదు. అది ప్రాణం కాపాడుకునే ఎత్తు. ఆ కారణం రాశాక, దాని మీద మీ అర్థం పెట్టుకోండి. కింద నేల ఉంటేనే పైన మేడ.

విధేయత ఎవరి మీద? మూడు రకాలుగా విడగొట్టండి

విలన్ గ్యాంగులో ఉన్నాడు కాబట్టి నాయకుడికి విధేయుడు అని రాసేయడం బద్ధకం. విధేయతలా కనిపించేది మూడు రకాలుగా ఉంటుంది. బలవంతం ఒకటి, లావాదేవీ ఒకటి, నిజంగా మనసులో ఉన్నది ఒకటి.

బలవంతం ఈ కథలో అందరికీ ఉంది. ముజాన్ పేరెత్తితే అతని శాపం చంపేస్తుంది. బంతులతో పోరాడే డీమన్ అమ్మాయి ఒకతె తమాయో వేసిన ఎత్తులో పడి ఆ పేరు పలికి ఎంత ఘోరంగా చచ్చిందో మొదట్లోనే చూశాం. కాబట్టి ఏ డీమన్ అయినా ముజాన్‌కి ఎదురు చెప్పలేదన్నది విధేయతకి రుజువు కాదు. దాన్ని పక్కన పెట్టేయండి.

లావాదేవీ కూడా ఉంది. రుయి ఆ కిజుకీల కింది ర్యాంకుల్లో అయిదోవాడు. ఎడమ కంట్లో ఆ అంకె ఉంటుంది, జుట్టు కింద దాక్కుని. ఎప్పుడు చూపిస్తాడు? తంజిరో ధిక్కరించాక, జుట్టు పక్కకు తీసి, కిజుకీనైన నన్ను గెలవగలిగితే గెలువు అంటాడు. ఎదుటివాణ్ని భయపెట్టాల్సినప్పుడు తీసి చూపించే ఐడీ కార్డు లాంటిది ఆ ర్యాంకు. మిగతా టైమంతా జుట్టు కిందే. బయటివాళ్లు వస్తే అతని కంప్లైంట్ ఏమిటి? మా కుటుంబం ప్రశాంతంగా బతుకుతుంటే చెడగొట్టొద్దని. కొండ మీద అతని పోరాటం ముజాన్ కోసం కాదు, ఇంటి కోసం.

మూడోదాన్ని పట్టుకోవడానికి నేను వాడే కిటుకు ఇది. అతను మాట్లాడే మాట మొదట ఎవరి నోట పుట్టిందో వెతకండి. పిల్లలు తిట్టే తిట్టు బట్టి ఇంట్లో ఎవరు తిడతారో తెలిసిపోయినట్టు. పాత్ర సరిగా చేయనివాళ్లు బతకక్కర్లేదు అనే రుయి మాట ఎక్కడిది? దీనికి జవాబు ఫ్లాష్‌బ్యాక్‌లో ఉంది, కాసేపు ఆగండి.

ఏది చూసి చలించాడు?

విలన్ కోపాన్ని లెక్క పెట్టకండి, కోపం వాళ్ల వృత్తి. అతని ముఖం మామూలు లయ తప్పిన క్షణాన్ని పట్టుకోండి. రుయి దాదాపు అన్ని చోట్లా చల్లగా, విసుగ్గా ఉంటాడు. ఒక్క చోట వణుకుతాడు. తంజిరో మీదికి వెళ్లిన దారాలకు అతని చెల్లెలు నెజుకో అడ్డం పడి తను దెబ్బతిన్నప్పుడు. అన్న కోసం చెల్లెలు ప్రాణానికి తెగించింది, ఇదే అసలైన బంధం, నాకు కావాలి అంటాడు.

అప్పుడు అక్క పాత్రలో ఉన్న డీమన్, నేనే కదా నీ అక్కని, నన్ను వదిలేయకు అని వేడుకుంటుంది. అంతకు కాసేపటి ముందే ఆమె ముఖాన్ని గాట్లు పెట్టింది రుయి. అక్కడికొచ్చిన తంజిరో, మీరు తోటివాళ్లు కాదా అని అడిగితే, తోటివాళ్లు లాంటి పలచని మాట వాడొద్దు, మేము కుటుంబం అన్నదీ రుయే. ఇప్పుడు ఆ అక్క ఒక్క నిమిషంలో పాత సామాను అయిపోయింది.

చెల్లెల్ని నాకు ఇచ్చేయ్ అని బేరం పెడతాడు. నెజుకో వస్తువు కాదు, తనకీ మనసుంది అని తంజిరో అరుస్తాడు. రుయి జవాబు చూడండి. ఏం ఫర్వాలేదు, నేనూ బంధం కడతాను, నాది ఇంకా గట్టిది, భయంతో కట్టే బంధం, ఎదురుతిరిగితే ఏమవుతుందో బాగా నేర్పిస్తాను అంటాడు. మనం ఏదో తవ్వి తీయాల్సిన పని లేకుండా తనే పేరు పెట్టాడు. విలన్ ఇలా ఎదురుగా చెప్పేసినప్పుడు మన పని సులువైందనుకోకండి. భయంతో కడతానని తెలిసి కూడా అది పనిచేస్తుందని ఎందుకు నమ్ముతున్నాడు అన్నది అప్పుడు అసలు ప్రశ్న. భయం లేకుండా వదిలేస్తే ఎవరూ ఉండరని అతనికి గట్టి నమ్మకం. ఒకసారి అలా జరిగిందని అనుకుంటున్నాడు కాబట్టి.

ఇప్పుడు, ఆఖర్న, ఫ్లాష్‌బ్యాక్

ఇంతవరకు రాసుకున్నదంతా ఒక పేజీలో ముగించి, దాని కింద గీత గీసి, అప్పుడు ఫ్లాష్‌బ్యాక్ చూడండి. మీరు ముందే కట్టిన లెక్కతో అది సరిపోవాలి. సరిపోకపోతే ఫ్లాష్‌బ్యాక్‌ని తిట్టకండి, మీ లెక్క సరిచూసుకోండి.

రుయి పుట్టుకతోనే బలహీనుడు, నడవడానికే శక్తి లేదు. మంచు కురిసే రోజున ముజాన్ వచ్చి, పాపం, నేను కాపాడతాను అన్నాడు. ఒళ్లు గట్టిపడింది, కానీ ఎండలోకి వెళ్లలేడు, మనుషుల్ని తినాలి. ఒకణ్ని చంపాడు కూడా. ఒక రాత్రి మెలకువ వచ్చేసరికి తండ్రి కత్తి పట్టుకుని ఉన్నాడు, తల్లి ఏడుస్తోంది. మనిషిగా ఉన్నప్పుడు విన్న సంగతొకటి అతనికి గుర్తొచ్చింది. నదిలో మునిగిపోతున్న బిడ్డని కాపాడబోయి ప్రాణం వదిలిన తల్లో తండ్రో కథ. ఆ బంధం ఎంత గొప్పదో అని అప్పుడు మెచ్చుకున్నాడు. మరి నా వాళ్లు నన్ను చంపుతున్నారేమిటి? అంటే వీళ్లది దొంగ బంధం. ఇద్దర్నీ చంపేశాడు.

రూల్స్ పట్టిక తీయండి. "ప్రాణం పెట్టైనా పిల్లల్ని కాపాడాలి" అన్న వాక్యం ఆ నది కథలోంచి వచ్చింది. పసివాడు ఒక్క కథ విని దాన్ని చట్టం చేసుకున్నాడు.

ఇక "పాత్ర చేయనివాళ్లు బతకక్కర్లేదు" అన్న మాట. తల్లిదండ్రులు పోయాక ముజాన్ వచ్చి, తప్పంతా నిన్ను ఒప్పుకోని నీ తల్లిదండ్రులదే, నీ బలాన్ని చూసి గర్వపడు అన్నాడు. ఇదీ పుట్టిన చోటు. రుయి ఆ వాక్యాన్ని ఇంటి రూల్‌గా మార్చి కొన్ని దశాబ్దాలు నడిపాడు. నా లెక్కలో అతను ముజాన్‌కి విధేయుడు కాదు, ముజాన్ చెప్పిన ఆ ఒక్క వాక్యానికి విధేయుడు. దాన్ని వదిలేస్తే మిగిలేది తట్టుకోలేడు. ఎందుకంటే తల్లి చనిపోతూ, నీకు గట్టి ఒళ్లు ఇవ్వలేకపోయాను, క్షమించు అంది. తండ్రి కత్తి పట్టింది కొడుకుతో పాటు తానూ చచ్చి ఆ పాపం మోయడానికి. బంధం నిజమైనదే, తెంచింది తనే. అతని భయం అదీ. చావంటే కాదు, తంజిరో అంటే కాదు. "వాళ్లు నన్ను ప్రేమించారేమో" అన్న అనుమానమంటే భయం.

ఆ అనుమానం రాకుండా ఉండాలంటే దొంగ కుటుంబాలు ఉండాలి, అవి ఎప్పుడూ తప్పు చేస్తుండాలి. ప్రతి అమ్మా ఓడిపోతేనే మొదటి అమ్మ తప్పు చేసిందన్న మాట నిలబడుతుంది. మరి విధేయత? నాకు అనిపించేది, దాచుకున్న విధేయత చచ్చిపోయిన తల్లిదండ్రుల మీదే. కాకపోతే అందర్నీ వాళ్ల ముఖాలకో, తన ముఖానికో దగ్గరగా మార్చి మళ్లీ మళ్లీ అదే ఇల్లు ఎందుకు కడతాడు?

ఎంత కట్టినా వెలితి తీరలేదని, అందరికన్నా బలవంతుణ్ని కాబట్టి నన్నెవరూ కాపాడలేరని చివరికి అతనే అనుకుంటాడు. పట్టికలో ఆ ఖాళీ గడి దగ్గర మనం వేసిన ప్రశ్నకి జవాబు అతని నోటే వచ్చింది.

ఎదురు సాక్షిని పిలవండి

మీ విశ్లేషణ విలన్ వకీలు వాదనలా మారుతోందేమో చూసుకోండి. నయం, ఈ కథ ఆ పని మనకు సులువు చేసింది. తంజిరోకి సీనియర్ వేటగాడైన గియు ఒక్క దెబ్బతో రుయి తల నరికాక, తల లేని ఆ చిన్న ఒళ్లు తంజిరో, నెజుకోల వైపు పాకుతుంది. తంజిరో ఆ వీపు మీద చెయ్యి పెడతాడు. ఒళ్లు కరిగిపోయాక మిగిలిన బట్ట మీద గియు కాలేసి, మనుషుల్ని తిన్నవాడి మీద జాలి వద్దు, చూడ్డానికి పిల్లాడైనా ఏళ్ల తరబడి బతికిన వికృతమైన రాక్షసి అంటాడు. తంజిరో కాలు తీయమంటాడు, వీళ్లూ ఒకప్పుడు మనలాంటి మనుషులే అంటాడు.

ఇద్దరి మాటా మీ పేజీలో ఉండాలి. గియు మాటని కొట్టిపారేయొద్దు. ఆ కొండ మీద దారాలకు వేలాడి విరిగిన, డీమన్లను వేటాడటానికొచ్చిన కుర్ర సైనికుల శవాలు మనం చూశాం. వాళ్లకీ ఇళ్లలో అమ్మానాన్నలుంటారు. నా మొదటి వ్యాసంలో ఆ సైనికుల గురించి ఒక్క వాక్యం లేదు. మా తమ్ముడు పట్టుకున్నది బహుశా అదే.

తర్వాత 26వ ఎపిసోడ్ కూడా తప్పకుండా చూడండి. రుయి పోయాక ముజాన్ మిగిలిన కింది ర్యాంకులవాళ్లు అయిదుగుర్నీ పిలిపిస్తాడు. రుయి కోసం కన్నీటిచుక్క లేదు. ఇంత బలహీనులెందుకయ్యారని నిలదీసి నలుగుర్ని చంపేస్తాడు. గర్వపడు అన్న నోరే అది.

రాసేటప్పుడు

మొదటి వాక్యం రుయి గతంతో మొదలుపెట్టకండి, చదివేవాడు జాలి మోడ్‌లోకి వెళ్లిపోతే ఇంకేదీ వినడు. "రుయి ఒక సంక్లిష్టమైన పాత్ర" అని కూడా వద్దు, ఆ వాక్యం ఎవరి గురించైనా రాయొచ్చు. ఒక్క సీనుతో మొదలుపెట్టండి. నేను రెండోసారి రాసినప్పుడు అమ్మ సాలీడు చేతులు వణకడంతో మొదలుపెట్టాను. తర్వాత రూల్స్ పట్టిక, నెజుకో దగ్గర వణుకు, ఆ తర్వాతే మంచు కురిసిన రోజు. వీడియో చేసేవాళ్లైతే ఆ ఖాళీ గడిని తెర మీద నిజంగానే గీసి చూపించండి, నోటితో చెప్పడం కన్నా బాగా ఎక్కుతుంది.

మానసిక రోగాల పేర్లు అంటించొద్దు. ట్రామా, నార్సిసిజం లాంటి మాట ఒకటి పడగానే అంతా అర్థమైపోయినట్టు అనిపిస్తుంది, చూడటం ఆగిపోతుంది. "తనని వదిలేస్తారని భయం" అని మామూలు తెలుగులో రాస్తే, ఎవరు, ఎప్పుడు, ఎందుకు అని మీరే ఇంకో మూడు వాక్యాలు రాయాల్సి వస్తుంది. ఆ మూడు వాక్యాలే కావాల్సింది.

రెండోసారి రాసింది కూడా మా తమ్ముడికే పంపాను. చాలాసేపు జవాబు లేదు. రాత్రి పదకొండు దాటాక ఒక మెసేజ్ వచ్చింది: "అన్నా, ఆ అమ్మ సాలీడు అసలు వయసెంత ఉంటుందంటావ్?" ఇప్పుడు వాడు ఆమె మీద మూడు గళ్లు గీసుకుంటున్నాడు.